ఆవిరి నీళ్లుగా మారడానికి మన దిక్కు వాడుక మాట ఏంది?

దేవరకొండలో ఎనిమిదో తరగతి పిల్లలకు సైన్స్ ట్యూషన్ చెప్తాను. పదార్థం స్థితి మారే పాఠంలో ఒక్క మాట దగ్గర బండి ఆగిపోయింది. మంచు కరగడం, నీళ్లు గడ్డకట్టడం, మసలడం, ఇగిరిపోవడం ఇవన్నీ ఇంట్లో వినేవే కాబట్టి చెప్పగానే పట్టుకుంటారు. గట్టి పదార్థం కరగకుండానే ఆవిరయ్యే ఉత్పతనానికి కూడా "కర్పూరం హరించుకుపోవడం" అంటే చాలు. చిక్కంతా సాంద్రీకరణంతోనే, అంటే ఆవిరి నీళ్లుగా మారడంతోనే. సాంద్రత అనే మాట ముందే చదివారు కదా, ఆవిరి ఆవిరిగానే చిక్కబడుతుంది అనుకుంటున్నారు.

"చెమట పట్టడం" అని చెప్పి చూశాను. ఐసు నీళ్లు పోసిన స్టీలు గ్లాసు చూపిస్తే, లోపలి నీళ్లే బయటికి ఊరుతున్నాయన్నారు. నీళ్లలో ఎర్ర రంగు కలిపి మళ్లీ చూపించాను. బయటి చుక్కలకు రంగు లేదు, అవి గాలిలోని ఆవిరివేనని అప్పటికి ఒప్పుకున్నారు. స్లిప్ టెస్టులో మాత్రం "గ్లాసు కారింది" అనే రాశారు. "చెమ్మగిల్లడం" అంటే వానకు నానిన గోడ గుర్తొస్తుందట. ఇంట్లో పెద్దవాళ్లేమో "ఆవిరి పట్టింది" అంటారు, అందులో నీళ్లుగా మారిన సంగతి రావడం లేదు. పరీక్షలో రాయడానికి సాంద్రీకరణం ఎలాగూ ఉంది, అర్థమవడానికి ఇంటి మాట కావాలి.

అన్నం గిన్నె మూత తీసి తిప్పి చూస్తే లోపలి వైపు చుక్కలు కట్టి ఉంటాయి, సరిగ్గా అది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మీ పెద్దవాళ్లు దాన్ని ఏ మాటతో చెప్తారు?