అప్‌డేట్: ఆర్‌స్టూడియోలో వర్క్‌స్పేస్ తుడిచినా పాత సెషన్ ప్రభావం పోకపోవడం

ఆర్‌స్టూడియోలో (ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో పనిచేయడానికి వాడే సాఫ్ట్‌వేర్) వర్క్‌స్పేస్‌ను, అంటే సెషన్‌లో తయారైన ఆబ్జెక్టులను, ఆర్‌ఎం (తొలగించే ఫంక్షన్), ఎల్‌ఎస్ (ఆబ్జెక్టుల పేర్లు చూపే ఫంక్షన్) కలిపి అన్నీ తుడిచాక కూడా అదే స్క్రిప్ట్ రెండు కంప్యూటర్లలో రెండు రకాలుగా ఎందుకు నడుస్తోందని అడిగాను. కారణం దొరికింది.

ఆ కమాండ్ గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్‌లో (మనం తయారుచేసిన ఆబ్జెక్టులు ఉండే చోటు) కనిపించే ఆబ్జెక్టులనే తీసేస్తుంది. లోడైన ప్యాకేజీలు, మార్చిన ఆప్షన్లు, వర్కింగ్ డైరెక్టరీ అలాగే ఉంటాయి. డీప్లయర్, మాస్ అనే రెండు ప్యాకేజీల్లోనూ సెలెక్ట్ అనే ఫంక్షన్ ఉంది. డీప్లయర్ తర్వాత మాస్ లోడై ఉంటే, డీప్లయర్‌ది అనుకుని సెలెక్ట్ అని రాసినప్పుడు మాస్‌లోది నడిచి ఎర్రర్ ఇస్తుంది. ప్యాకేజీ పేరు, రెండు కోలన్ల జత ముందు పెట్టి పిలిస్తే ఆ గొడవ ఉండదు.

అసలు చిక్కు ర్యాండమ్ సీడ్‌ది, అంటే యాదృచ్ఛిక అంకెలు ఎక్కడ నుంచి మొదలవ్వాలో నిర్ణయించే ఆబ్జెక్టుది. దాని పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి ఎల్‌ఎస్‌కు కనబడదు, తుడిచినా పోదు. పైగా ఆర్‌డేటా ఫైల్లో (వర్క్‌స్పేస్‌ను దాచే ఫైల్) సేవ్ అవుతుంది. ఆ ఫైల్ తిరిగి లోడైన ప్రతిసారీ శాంపిల్ ఫంక్షన్ (యాదృచ్ఛికంగా ఎంపిక చేసేది) అవే అంకెలు ఇస్తుంది. బూట్‌స్ట్రాప్ (డేటా నుంచి మళ్లీ మళ్లీ యాదృచ్ఛిక శాంపిల్స్ తీసి లెక్కించే పద్ధతి) ఫలితం నిలకడగా ఉందన్న భ్రమ కలుగుతుంది. ఇది చాలా ప్రమాదకరం, ఎందుకంటే ఎర్రర్ ఏదీ రాదు.

సరిచేసే పద్ధతి: టూల్స్, గ్లోబల్ ఆప్షన్స్, జనరల్‌లో ఆర్‌డేటా రీస్టోర్ టిక్ తీసేసి, ఎగ్జిట్‌లో సేవ్ చేయడాన్ని నెవర్‌కు మార్చాలి. ప్రాజెక్ట్ ఫోల్డర్లో ఉన్న పాత ఆర్‌డేటా ఫైల్‌ను డిలీట్ చేయాలి. తుడవడానికి బదులు కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్10 నొక్కి ఆర్‌ను రీస్టార్ట్ చేసి, స్క్రిప్ట్‌ను మొదటి లైను నుంచి నడపాలి. సీడ్‌ను స్క్రిప్ట్‌లోనే పెట్టాలి. గంటలు పట్టే మోడల్‌ను మాత్రం సేవ్‌ఆర్‌డీఎస్‌తో (ఒక్క ఆబ్జెక్టును ఫైల్‌గా దాచే ఫంక్షన్) విడిగా దాచుకోవచ్చు.