సమస్య: తిత్తి నిండెనేని తిండి లేదు

నిర్వాహకుడు, నెల్లూరు: రాత్రి మా పెద్దమ్మ మనవణ్ణి "తిత్తి తీస్తా" అని గదమాయిస్తుంటే ఈ పాదం తట్టింది, ఇక నిద్ర పట్టలేదు. డబ్బుల తోలుసంచీ తిత్తే, కమ్మరి కొలిమిదీ తిత్తే, ఊపిరిదీ తిత్తే. ఏది పట్టుకుంటారో మీ ఇష్టం, ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి.

కావలి మాస్టారు:
పైసపైస కూర్చి పస్తుండు లోభికి
మూతి విప్ప మనసు ముడుచుకొనును
కొలిమి తిత్తికైన గాలి బైటికి వచ్చు
తిత్తి నిండెనేని తిండి లేదు

ఒంగోలు అక్కయ్య: మాస్టారూ, లోభి తిత్తి పక్కన కొలిమి తిత్తిని పెట్టడం చాలా బాగుంది. కానీ మూడో పాదంలో మొదటి "కొ"కి యతిగా, అంటే జత అక్షరంగా, "గా" ఎట్లా కుదిరింది? "గొంతులో గాలాడు" అంటే సరిపోయేది. పోయినసారి జాలె సమస్యలో నాకు ఒక్క యతి తప్పితే మీరు మూడు రోజులు వదల్లేదు గదా, అందుకే అడుగుతున్నా. ఇక నాది, పసరుతిత్తి (గాల్ బ్లాడర్) మీద:
పసరుతిత్తిలోన పలుగురాళ్ళుండగ
కడుపుకోత తప్ప గతియె లేక
డాక్టరమ్మ యాపె టక్కున ముద్దను
తిత్తి నిండెనేని తిండి లేదు

కావలి మాస్టారు: ఒప్పుకున్నానమ్మా, "గొంతులో" అనే మార్చుకుంటా. పసరుతిత్తి నాకు తట్టనే లేదు, ఆపరేషన్ ముందు కడుపు మాడ్చడం దాకా తీసుకుపోయావు, శభాష్. కానీ కడుపుకోత బిడ్డను పోగొట్టుకున్న తల్లికి చెప్పే మాట, ఇక్కడ చదివితే మనసు చివుక్కుమంది. "కత్తికోత" అని చూడు, గణమూ యతీ రెండూ నిలుస్తాయి. ఇంక జాలె సంగతంటావా, అప్పుడు నన్ను బాధపెట్టింది యతి ఒక్కటే కాదు, జాలెను నువ్వు జేబులో పెట్టేశావు! అది నడుముకు చుట్టుకునే పొడుగు సంచి, మా నాయన గిత్తల బేరానికి పోతే పంచె కింద అదే ఉండేది.

ఉదయగిరి తమ్ముడు: జాలె వదిలి తిత్తికి రండి. కన్నడంలో తిది అంటే కొలిమితిత్తి, సంస్కృతంలో దృతి అన్నా తోలుసంచే. మనం రోజూ అనే పర్స్ కూడా లాటిన్ బుర్స నుంచి వచ్చింది, దానికి మూలం గ్రీకు బిర్స, అంటే ఒలిచిన తోలు. పెద్దమ్మ తిత్తి తీస్తా అన్నా, తోలు తీస్తా అన్నా ఒకటే! ఆ తోలు పట్టుకుని ఒక్కరూ పూరించలేదే?

ఒంగోలు అక్కయ్య: కత్తికోత తీసుకుంటున్నా మాస్టారూ. జాలె పద్యం కూడా మళ్ళీ రాసి పంపుతా, నడుముకే కడతా. తమ్ముడూ, తోలు పూరణం నువ్వే మొదలుపెట్టు.