పరాకు వేరు, మతిమరుపు వేరు

అందరికీ నమస్కారం. అడగబోయేది ఒక మాట గురించే అయినా, అది మా నాయన ఆపరేషన్ తర్వాత నా మనసులో పడింది.

నాయన దామలచెరువు మామిడి మండీలో నలభై ఏళ్లు గుమాస్తాగా చేశాడు. మూడు నెలల కిందట బైపాస్ అయింది. ఇప్పుడు తిరుపతిలో మా దగ్గరే ఉన్నాడు, గుండె బాగుంది. చెకప్‌కు పోతే "మతిమరుపు ఏమైనా ఉందా?" అని అడిగారు. "మతిమరుపేం లేదు సార్, కొంచెం పరాకు, అంతే" అంది అమ్మ. ఫైల్లో 'లేదు' అని రాసుకున్నారు.

అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఏ ఏడు తోతాపురి ఏ ధర పలికిందో నాయన ఇప్పటికీ చెబుతాడు. కానీ మొన్న "17 క్రేట్లు, క్రేటు 640, ఎంత నాయనా?" అని అడిగాను. ఒకప్పుడు నేను పెన్ను తీసేలోపే చెప్పేవాడు. ఈసారి "పదివేల..." అని ఆగి, కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి నా వైపు తిరిగి "ఏం అడిగినావు రా?" అన్నాడు.

మరుపు అంటే ఉన్నది చెరిగిపోవడం. పరాకు అంటే అన్నీ ఉండి కూడా మనసు పక్కకు మళ్లడం. మరి నాటకాల్లో రాజు వస్తుంటే "బహుపరాకు!" అని కేక వేసేది 'జాగ్రత్త' అని కదా? ఒకే మాటకు రెండు ఎదురెదురు అర్థాలు ఎట్లా వచ్చాయి?

జవాబు: అన్నా, మాది పుత్తూరు. మా వైపు తమిళం వాళ్లు దారిలో దిక్కులు చూసే పిల్లల్ని "పరాక్కు పార్క్కాదే" అని కసురుతారు. మీరు చెప్పిన 'పక్కకు మళ్లడం' అదే. వినేవాళ్ల పరాకు పోగొట్టే కేక కాబట్టి ఆ కేకకే ఈ పేరు నిలిచిపోయిందని నా ఊహ. నాయన జాగ్రత్త.

జవాబు: నేను గుండె ఆపరేషన్లలో హార్ట్-లంగ్ మెషిన్ నడిపేవాణ్ని. ఆపరేషన్ అయ్యేదాకా గుండె, ఊపిరితిత్తుల పని చేసే పంపు అది. అమ్మ వాడిన మాట చాలా సరైంది. ఆపరేషన్ తర్వాత చాలామందిలో ముందు దెబ్బతినేది ధ్యాస, చురుకు. పాత జ్ఞాపకాలు అంత తొందరగా పోవు. దీన్నే ఇంగ్లీషువాళ్లు 'పంప్ హెడ్' అన్నారు. మహాధమనికి, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళానికి, క్లాంప్ వేసి తీసేటప్పుడు దాని గోడకు పట్టిన సున్నం పెళ్లల్లాంటివి రాలవచ్చు. గాలి బుడగలు, కొవ్వు బిందువులు కూడా రక్తంలో కలిసి మెదడులోని సన్నటి నాళాల దాకా పోతాయి. కణత దగ్గర డాప్లర్ (రక్తం పారే తీరును శబ్దంగా వినిపించే పరికరం) పెడితే అవి వెళ్లేటప్పుడు కిచుకిచుమని వినిపిస్తుంది. వీటినే ఎంబొలై అంటారు. మన పేపర్లు అన్నిటినీ 'రక్తపు గడ్డ' అని రాస్తాయి, అది తప్పు. గాలి బుడగ గడ్డ ఎట్లా అవుతుంది? గ్రీకులో ఎంబొలోస్ అంటే దూర్చిన మేకు, బిరడా. నన్నడిగితే 'బిరడా' అనే మాటే బాగుంటుంది.

అమెరికాలో బైపాస్ చేయించుకున్న 261 మందిని పరీక్షించి 2001లో లెక్క ప్రచురించారు. డిశ్చార్జి నాటికి 53 శాతం మందిలో చురుకు తగ్గింది, ఆరు నెలలకు అది 24 శాతానికి దిగింది. అయిదేళ్లకు మళ్లీ 42 అయింది. ఆ అయిదేళ్ల తగ్గుదల అంతా మెషిన్ మీదకు నెట్టలేం. ఆపరేషన్ లేకుండా గుండెజబ్బుతో ఉన్నవాళ్లలోనూ అలాంటి తగ్గుదలే కనిపించిందని తర్వాతి పరిశీలనలు చూపించాయి. బీపీ, షుగర్ కూడా మెదడు నాళాల్ని తినేస్తాయి. మెషిన్ లేకుండా కొట్టుకుంటున్న గుండె మీదే బైపాస్ చేసినా పెద్ద తేడా రాలేదు. మూడు నెలలే కదా, తేరుకునే వీలుంది. అయితే ఉన్నట్టుండి మాట తడబడినా, చెయ్యి పట్టు తప్పినా ఆ నిమిషమే ఆసుపత్రికి తీసుకుపోండి. అది పరాకు కాదు, పక్షవాతం.

నేనే మళ్లీ: ఇద్దరికీ చాలా థాంక్స్. ఈ జవాబులు చదివాక నిన్న మళ్లీ వెళ్లి, 'పరాకు' అంటే ఏమిటో క్రేట్ల లెక్కతో సహా డాక్టరుకు విడమరిచి చెప్పాను. ఆయన నూరులోంచి ఏడేడు తీసేయమన్నారు. నాయన 93, 86, 79 దాకా సరిగ్గా వచ్చి, ఆగాడు. బయటికి వచ్చాక నా భుజం పట్టుకుని "లెక్క యాడికీ పోలేదురా, పట్టు జారిపోతా ఉంది" అన్నాడు. ఈసారి ఫైల్లో డాక్టరు రెండు లైన్లు రాశారు. నెల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

మీ మీ ఊళ్లలో దీనికి ఇంకా ఏమేం మాటలున్నాయో రాయండి. ఈసారి వెళ్లేటప్పుడు వాటిని కూడా రాసి పట్టుకుపోతాను.