ఈ వారం సమస్య: మూడు రాజులున్న మునిగిపోయె

ఆటవెలది ఆఖరి పాదం ఇచ్చా, మిగతా మూడూ మీరే పూరించండి. విషయం పోకరే, చేతిలో పెద్ద ముక్కలుండీ బోర్డు (బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరిచే ముక్కలు) చూసి భయపడాల్సిన సందర్భం. గణాలు తప్పితే ఊరుకోను, ఆట తప్పినా ఊరుకోను.

పేకరాయుడు:

చేతిలోన రెండు చేరంగ రాజులు
బల్లపైన నొకటి వాలినంత
మురిసి చూడనైతి ముప్పు నిస్పేట్లను
మూడు రాజులున్న మునిగిపోయె

నిర్వాహకుడు: యతులు శుభ్రంగా ఉన్నాయి గానీ మునిగిందెవరండీ? "చూడనైతి" అంటే మీరు, "మునిగిపోయె" అంటే ఇంకెవరో, కర్త లేడు. మూడో పాదం మళ్లీ రాయండి.

రివర్‌దెబ్బ:

కొసరి కొసరి వేస్తి కొంచెమే పందెము
రంగు కోసమతడు రాగనిచ్చి
చివరి ముక్క పడగ చిప్పుల కొండయే
మూడు రాజులున్న మునిగిపోయె

నిర్వాహకుడు: పద్యం భలే ఉంది, ఆటే ఘోరం. పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) 100 ఉంటే 25 వేశావనుకుందాం, వాడు 25 పెట్టి 125 కోసం ఆడుతున్నాడు, అంటే ఆరింట ఒకసారి తగిలినా గిట్టుబాటే. ఫ్లాప్‌లో (బోర్డు మీద మొదటి మూడు ముక్కలు పడ్డాక) చేతివీ అవీ కలిపి నాలుగు ఇస్పేట్లున్నవాడికి రంగు (ఒకే జాతివి అయిదు, మూడు రాజుల కన్నా పెద్దది) కావడానికి ఇంకా కనపడని 47 ముక్కల్లో 9 పనికొస్తాయి, అయిదింట ఒకటి దాకా వస్తుంది, మరి కాల్ చెయ్యక (ఆ పందెం కట్టక) ఏం చేస్తాడు? సగం పాట్ వేసుంటే నాలుగింట ఒకసారైనా తగలాలి, టర్న్ (నాలుగో ముక్క) ఒక్కటే లెక్కేస్తే వాడికి అంత లేదు. "కొసరి కొసరి" అని నువ్వే ఒప్పుకున్నావు కాబట్టి ఇంక తిట్టను.

రివర్‌దెబ్బ: అయ్యా పెద్దగా వేస్తే పారిపోతాడేమో అని 😀

కొత్తకవి: మొదటిసారి రాస్తున్నా, తప్పులుంటే చెప్పండి.

పదియు తొమ్మిదియును పక్కన జాకీయు
రాజుగారి ముందు రాలియుండ
ఒక్క రాణి వచ్చి కూల్చెను సర్వము
మూడు రాజులున్న మునిగిపోయె

నిర్వాహకుడు: అబ్బ, ఈ వారం అన్నిట్లోకీ ఇదే బెస్టు, రాజులు ముగ్గుర్నీ ఒక్క రాణి ముంచడం! మూడో పాదంలో "ఒ"కీ "కూ"కీ యతి కుదరదు, "యూడ్చెను" అని మార్చు, అర్థం కూడా ఇంకా బావుంటుంది. ఆ బోర్డు మీద ఎవడి చేతిలో రాణి ఉన్నా స్ట్రెయిటే (వరసగా అయిదు ముక్కలు, అదీ మూడు రాజుల కన్నా పెద్దదే), టర్న్‌లోనే తెలిసిపోవాలి. అయినా మన పని అయిపోలేదు, బోర్డులో ఏదో ఒకటి జతపడితే ఫుల్‌హౌస్ (మూడు రాజులూ ఒక జతా, స్ట్రెయిట్‌ని కొడుతుంది), నాలుగో రాజొస్తే ఇంక అడగక్కర్లేదు, కనపడని 46లో మనకి పనికొచ్చేవి 10 ముక్కలు. పాట్ మొత్తం పెట్టమంటే మాత్రం ఆ పది చాలవు.

పేకరాయుడు: మూడో పాదం మార్చా, చూడండి.

మురిసి పెట్టినట్టి మూటంత యిస్పేట
మూడు రాజులున్న మునిగిపోయె

ఇది నిజంగా జరిగిందే లెండి. బోర్డు మీద మూడో ఇస్పేటు పడగానే ఎదుటివాడు తన రెండు ముక్కలూ మళ్లీ అంచు ఎత్తి చూసుకున్నాడు, రెండూ ఇస్పేట్లే అయితే మళ్లీ చూడటమెందుకు, ఒక్కటే ఉండుంటుంది అనుకుని ఉన్నదంతా తోసేశా. రెండూ ఇస్పేట్లే. కావాలనే చూశాడో, మతిమరుపో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా.

నిర్వాహకుడు: కర్త దొరికాడు. పాస్.