పొమ్మనుటే చాలా? పొమ్మనుటే చావా?

అమలాపురం: పీకీ బ్లైండర్స్ అనే ఇంగ్లీషు గ్యాంగుల సీరియల్ ఆఖరి ఎపిసోడ్ రాత్రి రెండోసారి చూశానండి. లేని జబ్బు ఉందని నమ్మించిన డాక్టరుకి, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన హీరో టామీ తుపాకీ గురిపెడతాడు. అంతలో గడియారం పదకొండు కొడుతుంది. 1918 నవంబరు 11న ఆ యుద్ధం ఆగింది కూడా పదకొండింటికే. ఆ గంటలు విని తుపాకీ దించేస్తాడు. అప్పటినుంచి ఈ వేమన పద్యం నోట్లో ఆడుతోంది. "చంపదగినయట్టి శత్రువు తనచేత / చిక్కెనేని కీడు సేయరాదు / పొసగ మేలుచేసి పొమ్మనుటే..." ఇక్కడికొచ్చి ఆగిపోతున్నాను. చాలా? చావా?

రాజోలు: చాలు. బడిలో మా మాస్టారు చెప్పింది అదే.

పాలకొల్లు: చావేనండి. మేలు చేసి పంపేస్తే వాడికి అంతకన్నా చావు ఉందా? సిగ్గుతో చితికిపోతే "చచ్చినంత పనైంది" అని మనం రోజూ అనుకునేదేగా. పైగా పద్యం "చంప" దగ్గర ఎత్తుకున్నాడు, "చావు" దగ్గర దించాడు. ఆ ఎత్తుగడ వేమనది. "చాలు" అంటే పద్యం చప్పబడిపోతుంది.

రాజోలు: చప్పబడటమేంటండి, అదే శాంతం. "అపకారికి నుపకారము నెపమెన్నక సేయువాడు" అన్న సుమతీ పద్యంలో ఎదుటివాడు చావాలని ఉందా? మేలు చేసేటప్పుడు కూడా వాడి చావు కోరుకుంటే అది మేలెలా అవుతుంది?

భీమవరం: గణాలతో ఇది తేలదు. చాలు, చావు రెండూ గురులఘువులే, యతి "పొ"కి "పొ" సరిపోయింది. తేడా అంతా "టే" మీద ఉంది. "అదే చావు" అన్నట్టు "పొమ్మనుటే చావు" సహజంగా వస్తుంది. "చాలు"కి ముందు "పొమ్మనుట" అంటే సరిపోయేది, ఏకారం ఎందుకు?

రాజోలు: ఏకారం తీసి గణం కట్టి చూడండి. "పొమ్మను" భగణం, "ట చాలు" జగణం. ఆటవెలదిలో అక్కడ ఇంద్రగణం రావాలి కదా. "టే చాలు" అంటే తగణం, కుదిరింది. ఏకారం ఛందస్సు కోసం వచ్చింది, అర్థం కోసం కాదు.

భీమవరం: ఆ మాట ఒప్పుకుంటానండి. "చాలు"ని కొట్టేయడానికి ఏకారం పనికిరాదు. కానీ చెవికి నాకు ఇప్పటికీ చావే.

రాజమండ్రి: బ్రౌన్ 1829లో వేసిన వేమన పద్యాలు చూడాలి. దొర మా ఊళ్ళో కూడా ఉద్యోగం చేశాడు. అయినా నోటి మీద బతికిన పద్యానికి ఒక్కటే పాఠం ఉండాలనుకోవడం నాకు నచ్చదు.

అమలాపురం: సీరియల్ సంగతికొస్తే, టామీ ఆ డాక్టరుకి చేసిన మేలేముంది? చంపకుండా వదిలాడు, అంతే. అంటే "పొమ్మనుట" ఉంది, "పొసగ మేలు" లేదు. ఆరు సీజన్లు, 36 ఎపిసోడ్లు టోపీ అంచులో బ్లేడుతో తిరిగిన మనుషుల్ని చూశాక, ఆ వదిలేయడం ఒక్కటే నన్ను కుదిపింది. టామీ మేనత్త పాలీ లేని ఆరో సీజను నాకు వెలితిగానే అనిపించింది గానీ, ఈ సీనుకి దండం పెట్టాను.

తణుకు: టామీ ఫ్రాన్సులో నేల కింద సొరంగాలు తవ్వి వచ్చినవాడు. ఇంటికొచ్చినా ఆ చప్పుడు చెవుల్లోంచి పోలేదు. నాకు వేమన కంటే ముందు మా ఊరి కవి తిలక్ రాసిన "సైనికుడి ఉత్తరం" గుర్తొచ్చింది. మండపాకలో పుట్టి యుద్ధం లోపలి మనిషిని అంత దగ్గరగా చూశాడు. 1966లో పోయాడు, తన కవితల పుస్తకం "అమృతం కురిసిన రాత్రి" అచ్చులో చూసుకోలేదు. నాకది ఇప్పటికీ బాధే.

పాలకొల్లు: తిలక్ అంటే అందరూ వెన్నెల్లో ఆడపిల్లలనే తలుచుకుంటారు. ఆ ఉత్తరం గురించి మీరొక్కరే రాశారు, సంతోషమండి.

రాజోలు: మా నాన్నగారి శతకాల పుస్తకం తీశాను. 1986 వరదలో తడిసి ఆరింది, పేజీలు అప్పడాల్లా అయిపోయాయి. ఆ పద్యం ఉంది. "పొమ్మనుటే చా" వరకు స్పష్టంగా ఉంది. తర్వాతి అక్షరం మీద బురద మరక. కింద కొమ్ము మాత్రం కనబడుతోంది. ఫోటో పెడుతున్నాను.

భీమవరం: కొమ్ము లుకీ ఉంటుంది, వుకీ ఉంటుంది కదండి.

పాలకొల్లు: ఎడమ పక్క వంపు చూస్తే వకారంలా ఉంది.

రాజోలు: లకారమండి. పేజీ వెనక్కి తిప్పి వెలుతురుకి పెట్టి చూశాను.

తణుకు: ఆ పక్క పేజీ అంచున పెన్సిల్‌తో ఏదో రాసుంది. మీ నాన్నగారి దస్తూరీయేనా? కాస్త దగ్గరగా తీసి పెట్టండి.