సమస్య: పత్ని గలవాఁడె నిజమైన బ్రహ్మచారి

నిర్వాహకుడు (గవర్నర్‌పేట)
ఈ వారం మీరు పద్యంగా పూరించాల్సిన చివరి పాదం ఇదే. తట్టినప్పటి నుంచి నన్ను వదలడం లేదు.

*పత్ని గలవాఁడె నిజమైన బ్రహ్మచారి*

కృష్ణుడు బ్రహ్మచారి అనగానే గోపికలకి యమున దారి ఇచ్చిన కథ మాత్రం దయచేసి వద్దు. ఎవరు పూరించినా అది ఒకేలా వస్తుంది. ‘గలవాఁడె’లో ఏవకారం ఉంది, అంటే ‘గలవాడు మాత్రమే’ అని, చూసుకోండి. దాన్ని గాలికి వదిలేసిన పూరణ ఎంత తియ్యగా ఉన్నా నేను ఒప్పుకోను.

సత్యనారాయణపురం శాస్త్రి

ఋతువు నెఱిఁగి యాలినిఁ గూడి యితరలందు
మనసు నిల్పక ధర్మమే మార్గ మనుచు
నడచు గృహమేధి యని చెప్పె నాఁడు మనువు
పత్ని గలవాఁడె నిజమైన బ్రహ్మచారి

మనుస్మృతి 3వ అధ్యాయం, 50వ శ్లోకం. నిషిద్ధ రాత్రులు విడిచి భార్యను చేరేవాడు ఏ ఆశ్రమంలో ఉన్నా బ్రహ్మచారే అని అక్కడే ఉంది. ఇంత ప్రమాణం చేతిలో ఉండగా కల్పన ఎందుకు?

బ్రాడీపేట మాస్టారు
ధార బాగుంది శాస్త్రిగారూ. ‘యితరలందు మనసు నిల్పక’ చాలా హాయిగా నడిచింది. కానీ శ్లోకం చెప్పింది గృహస్థు కూడా బ్రహ్మచారే అని. సమస్య గృహస్థే అంటోంది. పెళ్లి కానివాడు ఎందుకు కాడో మీ పద్యంలో ఒక్క ముక్క లేదు. ప్రమాణం చూపించారు, పూరణ మిగిలిపోయింది.

లబ్బీపేట అక్కయ్య

వ్రతము పన్నెండు వత్సరాల్ పట్టి నరుఁడు
నాగకన్యను మణిపుర నాతిఁ బెండ్లి
యాడి భద్రను గొనివచ్చె నదియు వ్రతమె
పత్ని గలవాఁడె నిజమైన బ్రహ్మచారి

ఇంద్రకీలాద్రి నీడలో ఉండేవాళ్లం, అర్జునుణ్ణి వదిలి ఎక్కడికి పోతాం? బ్రహ్మచర్య నియమంతో తీర్థయాత్రకి బయల్దేరినవాడు ఉలూచిని, చిత్రాంగదను, సుభద్రను చేసుకుని తిరిగొచ్చాడు. నీ నియమం ద్రౌపది విషయంలోనే గానీ నా విషయంలో కాదని ఉలూచి వాదిస్తే ఒప్పుకున్నాడు కూడా.

శాస్త్రిగారికి ఇంకో మాట. అదే మనుస్మృతి 5వ అధ్యాయంలో, భర్త పోయిన స్త్రీ బ్రహ్మచర్యంలో ఉంటే పిల్లలు లేకపోయినా స్వర్గానికి పోతుందని ఉంది. మగవాడు కాపురం చేస్తూ బ్రహ్మచారి అనిపించుకోవచ్చు, ఆమె మాత్రం బతికినన్నాళ్లూ ఉండాలి. పెళ్లంటే ఏమిటో తెలియని పసిపిల్లల నెత్తిన కూడా ఇదే పెట్టారు. వితంతు వివాహానికి 1856లోనే చట్టం వచ్చినా, వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి పెళ్లి చేయించేసరికి 1881 డిసెంబరు 11 అయింది. పాతికేళ్లు! వెలివేస్తారన్న భయంతో వంటవాళ్లూ పురోహితులూ వెనకాడిన రోజులవి. ఆనాటి పెళ్లికొడుకు మీద కూడా ఎవరైనా ఈ పాదాన్ని పూరిస్తే చదవాలని ఉంది.

సత్యనారాయణపురం శాస్త్రి
అమ్మా, 5వ అధ్యాయం సంగతి మీరన్నది నిజం, కాదనను. మీ పద్యంలో ‘అదియు వ్రతమె’ దగ్గర ఆగిపోయాను. పద్యమంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. అర్జునుడు ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేసింది అరణ్యపర్వంలో, ఈ యాత్ర ఆదిపర్వంలోది. పద్యంలో కలపలేదు కనుక దోషం లేదు.

కొత్తపేట కుర్రాడు

శంకరుండైన భారతి శాస్త్రచర్చ
మరుని ప్రశ్నకు మౌనియై మరలె నాఁడు
రాజు మేనునఁ గాపుర మెఱిఁగి గెలిచె
పత్ని గలవాఁడె నిజమైన బ్రహ్మచారి

మండనమిశ్రుడి భార్య ఉభయభారతి వాదంలో కామశాస్త్ర ప్రశ్నలు వేస్తే శంకరాచార్యుల వారు గడువడిగి, అమరుక మహారాజు శరీరంలో చేరి నేర్చుకొచ్చిన కథ. పెళ్లి లేకపోతే ఆ వాదం గెలిచేవారు కాదు. ఏవకారం కుదిరిందనుకుంటున్నా.

నిర్వాహకుడు
ఊహ చాలా బాగుంది బాబూ, మూడో పాదంలో యతి పోయింది, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావాల్సిన జత అక్షరం కుదరలేదు. ‘రా’కి ‘మె’ ఎలా కుదురుతుంది? ‘రాజు మేన గృహస్థుఁడై రహినిఁ గెలిచె’ అని చూడు.

సత్యనారాయణపురం శాస్త్రి
యతి సరిచేసినా అసలు చిక్కు అలాగే ఉంది. శంకరులు సన్న్యాసి, ఆశ్రమమే వేరు. పైగా ఆ కాపురంలోని రాణి అమరుకుడి భార్య, శంకరుల పత్ని ఎలా అవుతుంది? కుర్రవాడు మాత్రం పనికొస్తాడు. రెండో పాదం నేను రాసి ఉంటే బాగుండుననిపించింది.

బ్రాడీపేట మాస్టారు

మంచుకొండల నెదురయి మరులుగొన్న
యమరకామిని పిలిచిన నాలిఁ దలఁచి
ప్రవరుఁ డగ్నిని వేఁడి తాఁ బయనమయ్యె
పత్ని గలవాఁడె నిజమైన బ్రహ్మచారి

సత్యనారాయణపురం శాస్త్రి
మాస్టారూ, నడక మీదే, సందేహం లేదు. ‘ఆలిఁ దలఁచి’ మాత్రం మనుచరిత్రలో లేదు. ప్రవరుడు ఆలిని తలుచుకున్నది, తనను హిమాలయానికి చేర్చిన కాళ్ల పసరు కరిగి దారి తెలియక వగచినప్పుడు. ఆ అమరకామిని వరూధినికి చెప్పిన సాకుల్లో హోమం ఉంది, దేవపూజ ఉంది, ఆకలితో ఎదురుచూసే ముసలి తల్లిదండ్రులున్నారు. ఆలి ఊసే లేదు. పద్యానికి ఆధారమైన మాటే జారిపోయింది.

ఉగాదికి భీష్ముడి మీద మీరిచ్చిన పూరణా ఇంతే. ‘దేవవ్రతుండు’ అని మొదలుపెట్టారు. ‘వ్ర’ ముందున్న ‘వ’ గురువు, రెండు మాత్రల అక్షరం. లఘువు ఉండాల్సిన చోట అది పడి మొదటి గణమే కూలింది.

బ్రాడీపేట మాస్టారు
రేఫను, అంటే ‘వ్ర’లోని రకారాన్ని, తేల్చి పలికితే ముందక్షరం లఘువుగానే ఉంటుందని అప్పుడే చెప్పాను. మీ ‘యితర’లో రేఫం విడిగా ఉంది కాబట్టి మీకు ఆ కష్టం తెలియలేదు.

సత్యనారాయణపురం శాస్త్రి
ఆ వెసులుబాటు విడివిడి మాటల మధ్య. కుర్రవాడి ‘మరుని ప్రశ్న’ దగ్గర చెల్లింది, ఎవరూ వేలెత్తలేదు. దేవవ్రతుడు ఒకే సమాసం, అక్కడ చెల్లదు.

లబ్బీపేట అక్కయ్య
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. ప్రవరుడు వరూధినితో ఆలి పేరెత్తలేదు గానీ ‘ఆహితాగ్ని’నని, అంటే ఇంట అగ్నిహోత్రం నిలుపుకున్నవాణ్నని, చెప్పాడు. భార్య లేనివాడికి అగ్న్యాధానం ఎక్కడిది? సీత దగ్గర లేదని రాముడంతటివాడు బంగారు ప్రతిమను పక్కన పెట్టుకుని యాగం చేశాడు. ప్రవరుణ్ణి ఆ కొండ దింపి ఇంటికి చేర్చింది అతని ఇంటి నిప్పులే. పెళ్లి కానివాడికి ఆ అగ్ని లేదు, వేడుకునే హక్కూ లేదు. నిర్వాహకుడు గారు అడిగిన ఏవకారం ఇక్కడ దొరికింది. మాస్టారి చేతిలోనే ఉంది, వేరే మాట వేసి కప్పేశారు.

సత్యనారాయణపురం శాస్త్రి
అమ్మ మాటకి దణ్ణం. అయితే రెండో పాదం ఇలా ఉండాలి:

యమరకామిని పిలిచిన నాహితాగ్ని

ఒక్క మాట మారింది. యతి కూడా అచ్చుకి అచ్చు కూర్చుంది.

బ్రాడీపేట మాస్టారు
తీసుకుంటున్నాను. గుంటూరు తిక్కన పూర్వీకుల ఊరు, మంచి మాట ఎవరిచ్చినా కాదనం. కానీ శాస్త్రిగారూ, ‘ఆహితాగ్ని’ తర్వాత ‘ప్రవరుఁడు’ వచ్చింది. ఆహితాగ్నియైన ప్రవరుడని సమాసం చేస్తే ‘ప్ర’ ముందున్న ‘ని’ గురువవుతుంది, చివరి సూర్యగణం పోతుంది. ఉగాదికి నా ‘వ’ గురువైతే ఇప్పుడు మీ ‘ని’ ఎందుకు కాదు?

సత్యనారాయణపురం శాస్త్రి
సమాసం చేయలేదు కాబట్టి. ‘ఆహితాగ్ని’ దగ్గర ఆగి, తర్వాత ‘ప్రవరుఁడు’ చదవండి. రెండూ వేరు పదాలు.

నిర్వాహకుడు
ఈ వారం మొదటి స్థానం మాస్టారి పద్యానికి, అక్కయ్య చెప్పిన భావంతో, శాస్త్రిగారి మాటతో. ముగ్గురి పేర్లూ వేస్తాను. రెండోది అర్జునుడికి. దేవవ్రతుడి తగువుకి వేరే దారం (థ్రెడ్) తెరుస్తున్నాను, పాత పద్యం మొత్తం అక్కడ పెట్టండి మాస్టారూ. అక్కయ్యా, 1881 నాటి పెళ్లికొడుకు మీద పద్యం మీరే మొదలుపెట్టాలి, గడువు ఆదివారం రాత్రి దాకా.