ప్లాటినం కీమోకు లొంగని అండాశయ క్యాన్సర్: లైపోసోమల్ డాక్సోరూబిసిన్ ఎక్కించాక ఇంట్లో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న – ఖమ్మం నుంచి ఒక కూతురు

అందరికీ నమస్కారం. మా అమ్మకు 61 ఏళ్లు. నిరుడు అండాశయ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి, కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ కలిపి ఆరు సైకిళ్లు ఇచ్చారు. అవి పూర్తయిన నాలుగు నెలలకే రక్తపరీక్షలో సీఏ-125 (ఈ క్యాన్సర్ జాడ తెలిపే ప్రోటీన్) పెరిగింది, స్కానులో పొట్టలో మళ్లీ గడ్డలు కనిపించాయి. ఆరు నెలలు నిండకముందే జబ్బు తిరగబెట్టింది కనుక ఇది కార్బోప్లాటిన్ వంటి ప్లాటినం మందులకు లొంగని రకమని, ఇకపై నాలుగు వారాలకోసారి లైపోసోమల్ డాక్సోరూబిసిన్ ఎక్కిస్తామని హైదరాబాదులోని డాక్టరు గారు చెప్పారు. ఎర్రమందు (డాక్సోరూబిసిన్) గుండెను దెబ్బతీస్తుందని వార్డులో ఎవరో అనగా విని అమ్మ బెంగ పెట్టుకుంది. అమెరికాలో ఉన్న అన్నయ్యేమో మిర్వెటుక్సిమాబ్ అనే కొత్త మందు గురించి అడగమంటున్నాడు. అమ్మ ఏ బాధనూ నోరు తెరిచి చెప్పే మనిషి కాదు. నేను దేన్ని కనిపెట్టుకుని ఉండాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం – కీమో డే కేర్ వార్డులో పనిచేసే సిస్టర్, విజయవాడ

అమ్మా, మామూలు డాక్సోరూబిసిన్, మీ అమ్మగారికి ఇచ్చేది ఒకే తీరుగా పనిచేయవు. ఇందులో మందును సన్నని కొవ్వు బుడగల్లో నింపి ఉంచుతారు కనుక అది రక్తంలో చాలా కాలం తిరుగుతుంది, గుండెకు చేరే హాని మామూలు రకంతో పోలిస్తే బాగా తక్కువగా ఉంటుంది. అయినా మొదలుపెట్టే ముందు గుండె పనితీరు చూసే ఎకో పరీక్ష చేయించాలి, ఎప్పుడైనా రొమ్ము క్యాన్సర్ వంటి జబ్బుకు ఎర్రమందు తీసుకుని ఉంటే ఆ కాగితాలు తప్పకుండా చూపించాలి, ఎందుకంటే జీవితకాలంలో ఒంట్లోకి వెళ్లిన మొత్తాన్ని లెక్క కడతారు.

మొదటిసారి ఎక్కించేటప్పుడు మీరు పక్కనే కూర్చోండి. కొందరికి మందు మొదలైన కొద్ది నిమిషాల్లోనే ముఖం ఎర్రబడడం, ఛాతీ పట్టేసినట్లు ఉండడం, నడుము నొప్పి, ఆయాసం వస్తాయి. అందుకే మేము మొదట చాలా నెమ్మదిగా వదులుతాము. ఏ మాత్రం తేడాగా అనిపించినా వెంటనే పిలవమని అమ్మగారికి చెప్పండి. మందు ఆపితే చాలామందికి ఆ లక్షణాలు తగ్గిపోతాయి, తరువాత ఇంకా నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టగలుగుతాము. ఒకటి రెండు రోజులు మూత్రం నారింజ, ఎరుపు రంగులో రావచ్చు. అది మందు రంగే కాని రక్తం కాదు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మాత్రం, రాత్రి అయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోను చేయాలి.

సమాధానం – ఇదే మందు తీసుకున్న ఒక ఇల్లాలు, కరీంనగర్

చెల్లీ, సిస్టర్ గారు చెప్పినదానికి నేను చేతులు, కాళ్ల సంగతి కలుపుతాను. వేడి, ఒత్తిడి, రాపిడి తగిలే చోట ఈ మందు చర్మంలోకి ఎక్కువగా చేరుతుందట. అరచేతులు, అరికాళ్లు మొదట జివ్వుమని, తరువాత ఎర్రబడి, పట్టించుకోకపోతే పొక్కులు లేచి ఊడిపోతాయి. నాకు రెండో సైకిల్ అయ్యాక మొదలైంది. కాలి వేళ్లలో మెట్టెల కింద, నడుముకు లంగా బొందు బిగించే గీత వెంట ముందుగా ఎర్రబడింది. మెట్టెలు తీయడానికి మనసొప్పక నేను వారం రోజులు ఎవరికీ చెప్పలేదు, ఆ వారంలోనే నడవలేని స్థితి వచ్చింది. డాక్టరు గారు తరువాతి సైకిల్‌ను రెండు వారాలు వాయిదా వేసి, మోతాదు తగ్గించి ఇచ్చారు.

మందు ఆపేస్తారేమోనన్న భయంతో మనవాళ్లు బాధ దాచుకుంటారు. వాయిదా వేయడం, మోతాదు తగ్గించడం ఈ వైద్యంలో భాగమే కనుక, దాచడం వల్లనే మందు పూర్తిగా మానే పరిస్థితి వస్తుంది. ఎక్కించిన తరువాత వారం రోజులపాటు వేణ్నీళ్ల స్నానం, అంట్లు తోమడం, బట్టలు పిండడం, పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడడం మాన్పించండి. గాజులు, ఉంగరాలు వదులుగా ఉండాలి, మెత్తని చెప్పులు ఉండాలి. క్రీము రుద్దకుండా అద్దినట్లు రాయాలి. నోటిలో పుండ్లు కూడా వస్తాయి. నాకు కారం తగ్గించిన పెరుగన్నం, చల్లని మజ్జిగ బాగా పనికొచ్చాయి.

సమాధానం – న్యూజెర్సీలో ఉంటున్న తెలుగు ఫార్మసిస్టు

మీ అన్నయ్యగారు చెప్పిన మిర్వెటుక్సిమాబ్‌కు ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 నవంబరులో తాత్కాలికంగా, 2024 మార్చిలో పూర్తిగా ఆమోదం ఇచ్చింది. గడ్డ కణాల మీద ఫోలేట్ రిసెప్టర్ ఆల్ఫా అనే ప్రోటీన్ బాగా ఎక్కువగా ఉన్నవారికే దీన్ని ఇస్తారు, కనుక ముందు ఆపరేషన్ సమయంలో తీసిన ముక్కను మైనంలో దాచిన బ్లాకు ల్యాబులో భద్రంగా ఉందో లేదో కనుక్కుని, ఆ పరీక్ష చేయించవచ్చా అని డాక్టరు గారిని అడగండి. 453 మందితో జరిగిన మిరాసోల్ అధ్యయనంలో ఈ మందు తీసుకున్నవారి ఆయుర్దాయపు మధ్యస్థ విలువ సుమారు 16 నెలలుగా, మామూలు కీమో తీసుకున్నవారిది 13 నెలలకు దగ్గరగా తేలింది. ఇది కంటి ముందుండే పారదర్శక పొరను (కార్నియాను) ఇబ్బంది పెడుతుంది కనుక కంటి పరీక్షలు, స్టెరాయిడ్ చుక్కలు తప్పనిసరి. అంతకుముందు ఒకటి నుంచి మూడు రకాల చికిత్సలు తీసుకున్నవారికి దీన్ని ఆమోదించారు, కాబట్టి ఇప్పుడు లైపోసోమల్ డాక్సోరూబిసిన్ తీసుకున్నంత మాత్రాన ఆ దారి మూసుకుపోదు.

మన దేశంలో తయారైన లైపోసోమల్ డాక్సోరూబిసిన్‌పై అనుమానం పెట్టుకోకండి. 2012లో అమెరికాలో ఈ మందుకు కొరత వచ్చినప్పుడు సన్ ఫార్మా వారి లిపోడాక్స్‌ను దిగుమతి చేసుకోవడానికి ఎఫ్‌డీఏ అనుమతించింది, మరుసటి ఏడాది ఆ సంస్థ జనరిక్‌ను ఆమోదించింది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అక్కా, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, సాయంత్రం తనంతట తానే సబ్బు నురుగు రాసుకుని మెట్టెలు తీసి, పసుపు గుడ్డలో కట్టి దేవుడి గూట్లో పెట్టింది. ఎకో బుధవారం ఉంది. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రికి బ్లాకు కోసం రేపు ఉదయం ఫోను చేస్తాను.